అగ్లాల్ అడవిలో తూదా లెక్క

తూదా అజెర్గీ సంతకం పెట్టిన కాగితాన్ని మా కొండ ఊరు తిజ్రీన్‌లో ఎవరూ రెండోసారి కూడి చూసుకునేవారు కాదు. రొట్టెల బట్టీ పద్దులు, తివాచీలు నేసే ఆడవాళ్ళ సంఘం పద్దులు, ఆపిల్ తోటల సహకార సంఘం పద్దులు, అన్నీ ఆమె దగ్గరే ఉండేవి. పోస్టాఫీసు ఎదురుగా మేడ మీద ఒకే ఒక్క గది ఆమె ఆఫీసు. ఆ మెట్ల కింద నా ఫొటోకాపీ కొట్టు. పదకొండేళ్ళపాటు ఎక్కుతూ దిగుతూ ఆమె నాతో చెప్పినవీ, ఆ ఫిబ్రవరిలో నా కళ్ళ ముందు జరిగినవీ కలిపి చెబుతున్నాను.

ఆమె తండ్రి దేవదారు చెట్లు కొట్టే కూలీ. తూదాకు పద్నాలుగేళ్ళప్పుడు దుంగ దొర్లి మీద పడి చనిపోయాడు. రంపపు మిల్లు వాళ్ళు పరిహారం లెక్క రాసిన కాగితం తల్లి చేతికిచ్చారు. ఇంట్లో చదవడం వచ్చింది తూదా ఒక్కదానికే. పన్నెండు రోజుల కూలీ తక్కువ వేశారని కనిపెట్టి, మర్నాడు మిల్లుకెళ్ళి గుమాస్తా బల్ల ముందు నిలబడింది. గుమాస్తా మూడుసార్లు కూడి చూసుకుని, తప్పు నాదే అని డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. రెండేళ్ళ తర్వాత ఆయనే పిలిచి తన పక్కన ఇంకో బల్ల వేయించాడు. మధ్యలో పెళ్ళయింది, నాలుగేళ్ళకే విడాకులూ అయ్యాయి. పగలు మిల్లులో పనిచేసి, సాయంత్రం బస్సెక్కి ఖెనీఫ్రాలో పద్దుల క్లాసులకు వెళ్ళి, ముప్ఫై మూడేళ్ళకు పరీక్షలన్నీ పాసైంది. మిల్లు మూతపడ్డాక ఈ గది అద్దెకు తీసుకుంది. నేను చెప్పే సంగతి జరిగేనాటికి ఆమెకు యాభై ఆరు.

దేవదారు సంఘం పద్దులు ఆమె చేతికొచ్చి అప్పటికి నాలుగో ఏడు. మా అడవిలో ఉండే తోకలేని కోతుల్ని కాపాడటానికి పెట్టిన సంఘం అది. నడిపేది సీ జెల్లూల్. మా వైపు మర్యాదకి మగవాళ్ళను సీ అనీ, ఆడవాళ్ళను లల్లా అనీ అంటాం. బడిలో సైన్సు పంతులుగా చేసి రిటైరైన మనిషి. ఊళ్ళో సగం మంది ఆయన చేత చెవి మెలిపెట్టించుకున్నవాళ్ళమే. సంఘంలో పదకొండు మంది కాపలావాళ్ళు. వాళ్ళ పెద్ద మీమూన్, తూదా చెల్లెలు ఫద్మాకు మొగుడు. డబ్బంతా రాజధాని రబాత్‌లో ఆఫీసున్న ఒక దాతృ సంస్థ నుంచి వచ్చేది. మూడేళ్ళ గడువు ఆ వసంతంలో అయిపోతోంది. మళ్ళీ మూడేళ్ళకు పద్దెనిమిది లక్షల దిర్హాములు ఇవ్వాలా వద్దా అని వాళ్ళు ఆలోచిస్తున్నారు.

ఫిబ్రవరి మొదటి సోమవారం సీ జెల్లూల్ ఒక లావుపాటి కవరు పట్టుకుని మెట్లెక్కాడు. తలుపు తీసే ఉంది, మాటలు కిందికి వినబడ్డాయి.

“లల్లా తూదా, ఎప్పటిలాంటిదే. ఈసారి కాగితాలు కాస్త ఎక్కువ, అంతే.”

“రెండు భాగాలున్నాయేంటి ఇందులో?”

“మొదటిది జమాఖర్చులు. రెండోది ఖర్చుకు తగ్గ పని జరిగిందా లేదా అని. దానిక్కావలసిన అంకెలన్నీ నేనే వేసి పెట్టాను. నువ్వు చూసి ముద్ర కొట్టెయ్. వచ్చే మంగళవారం మధ్యాహ్నం పన్నెండులోగా రబాత్‌కి చేరాలి.”

“చూసే కొడతాను సీ జెల్లూల్. చూడకుండా ఎప్పుడు కొట్టాను?”

ఆ మాట తర్వాత ఆమెను చాలా రోజులు పీడించింది.

మొదటి భాగం రెండు రోజుల్లో అయిపోయింది. ఏడాది ఖర్చు ఆరు లక్షల నలభై వేలు. వందలో ఎనభై ఏడు అడవి పనికే వెళ్ళాయి. ఆఫీసుకి, ఫోన్లకి, టీలకి కలిపి పదమూడు. సీ జెల్లూల్ తన సొంత కారులో తిరిగిన పెట్రోలు కూడా సంఘం మీద వెయ్యలేదు. కాపీలకి కిందికి దిగినప్పుడు తూదా మొహం వెలిగిపోతోంది.

“ఇలాంటి పద్దులు పట్నంలో కూడా దొరకవు బాహా. ఒక్క రసీదు తక్కువ లేదు.”

రెండో భాగంలో మొదటి ప్రశ్న, ఒక్కో కోతికి ఏడాదిలో ఎంత ఖర్చయింది అని. జనవరి లెక్కలో కోతులు నాలుగు వందల అరవై ఎనిమిది. అంటే తలకు పదమూడు వందల అరవై ఏడు దిర్హాములు. ముందటేడు నాలుగు వందల నలభై తొమ్మిది, అంతకుముందు నాలుగు వందల ముప్ఫై ఒకటి, మొదటి ఏడు నాలుగు వందల పన్నెండు. చక్కగా మెట్లెక్కినట్టు పెరుగుతున్నాయి. రెండో ప్రశ్న, ఆ లెక్క తీయడానికి ఎంత ఖర్చయింది అని. దానికోసం ఆమె జీపు డీజిల్ పుస్తకం తెరిచింది.

అడవిలో అగ్లాల్ అనే భాగం లెక్క జనవరి పద్నాలుగు, పదిహేను, పదహారు తేదీల్లో తీశారని కాగితాల్లో ఉంది. ఆ మూడు రోజులూ డీజిల్ పుస్తకం ఖాళీ. ఖాళీ ఎందుకో ఆమెకు వెంటనే గుర్తొచ్చింది. జీపుకి క్లచ్చి పోతే మెక్నెస్ గ్యారేజీలో వారం రోజులు ఉంది. పన్నెండున వెళ్ళి పంతొమ్మిదిన వచ్చింది. నాలుగు వేల మూడు వందల బిల్లు మీద ముద్ర సరిగా పడలేదని గ్యారేజీకి ఫోను చేసి కసిరింది ఆమే.

సాయంత్రం ఆ లెక్క కాగితాలు పట్టుకుని నా కొట్టుకొచ్చింది. కాపీ తీయమని కాదు. బల్ల మీద పరిచి, “వీటిని చూసి నీకేమనిపిస్తోంది?” అంది.

నేను పొద్దస్తమానం కాగితాలతో బతికేవాణ్ణి. వేలితో తడిమి చూశాను. “కట్టలోంచి తీసినవి తీసినట్టే ఉన్నాయి లల్లా. మడత లేదు, తడి లేదు, వేలిముద్ర లేదు. ఎందుకు?”

“ఇవి మూడు రోజులు మంచులో అడవంతా తిరిగొచ్చిన కాగితాలట.”

ఆమె వాటిని మళ్ళీ దొంతి పెట్టి, చేతిలో గాజు సామాను ఉన్నట్టు మెల్లగా మెట్లెక్కింది.

మర్నాడు మీమూన్‌ని పిలిపించింది. మీమూన్ నిలువెత్తు మనిషి, కోపం తెలియనివాడు. వదిన ఎదుట కుర్చీలో కూర్చున్నాడు గానీ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని దాని అంచు తిప్పుతూనే ఉన్నాడట.

“అగ్లాల్‌కి ఎలా వెళ్ళారు మీమూన్?”

“జీపులో వదినా. ఇంకెలా?”

“జీపు మెక్నెస్‌లో ఉంది.”

టోపీని తిరగేసి పట్టుకున్నాడు. “ఆఁ, ఈసారి నడిచి వెళ్ళాం.”

“ఇరవై రెండు కిలోమీటర్లు. మోకాలి లోతు మంచులో. మూడు రోజులు వరసగా.”

“కుర్రాళ్ళం కాకపోయినా కాళ్ళున్నాయి కదా.”

“అయితే శనివారం నన్ను తీసుకెళ్ళు. జీపు వచ్చేసిందిగా. ఆ మందల్ని నేనూ చూస్తాను.”

“నీకెందుకు వదినా ఈ చలిలో? మోకాళ్ళ నొప్పులంటావు.”

“నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటా. వస్తావా, రావా?”

గంటలో సీ జెల్లూల్ వచ్చేశాడు. ఈసారి తలుపు మూసుకున్నాడు. ఏం మాట్లాడాడో తూదా నాకు తర్వాత చెప్పింది. మొదట నవ్వాడట. కోతుల్ని లెక్కపెట్టడానికి అకౌంటెంట్లు వెళితే, పద్దులు రాయడానికి కోతులు వస్తాయి అన్నాడట. ఆమె నవ్వలేదు. అప్పుడు గొంతు తగ్గించి, “లల్లా, నీ పని అంకెలు. అడవి మా పని. ఎవరి పని వాళ్ళం చేసుకుందాం” అన్నాడట.

“ఈ కాగితం కింద నా ముద్ర పడుతుంది సీ జెల్లూల్. దాని పైన ఉన్నదంతా నా పనే.”

శనివారం తెల్లవారుతుండగా జీపు బయల్దేరింది. ఫద్మా ఒక సీసాలో టీ, గుడ్డలో వేడి రొట్టె, ఆలివ్‌లు కట్టిచ్చింది కానీ అక్క మొహంలోకి చూడలేదు. పొగమంచులో పది అడుగుల దూరం కూడా కనిపించడం లేదు. మలుపు దగ్గర చక్రం జారి జీపు వెనక భాగం లోయవైపు తిరిగింది. మీమూన్ స్టీరింగు పట్టుకుని నిమిషం పాటు కదలకుండా ఉండిపోయాడు. “వెనక్కి పోదామా వదినా?” అన్నాడు. ఆ గొంతులో బతిమాలుతున్న మనిషి ఉన్నాడు. తూదా కిటికీలోంచి లోయవైపు చూసింది. అయినా, “ముందుకే పోనియ్” అంది.

అగ్లాల్‌లో మొదటి మంద రాత్రిళ్ళు పడుకునే చెట్లు ఒక ఏటవాలు మీద ఉన్నాయి. పొద్దెక్కగానే కోతులు దిగి, చెట్లులేని ఒక ఖాళీ జాగా దాటి మేతకు వెళతాయి. ఆ జాగా పక్కన బండ చాటున కూర్చుంటే ఒక్కొక్కటే దాటుతుంటే లెక్కపెట్టొచ్చు. కాగితంలో ఆ మందకి ముప్ఫై ఒకటి.

ఇద్దరూ బండ చాటున కూర్చున్నారు. కాళ్ళు తిమ్మిరెక్కి కాసేపటికి ఉన్నాయో లేవో తెలియలేదు. సూర్యుడు వచ్చాక ఒక ముసలి మగకోతి దిగింది. నిలబడి అటూ ఇటూ చూసి జాగా దాటింది. తర్వాత రెండు ఆడవి. ఒకదాని పొట్టకి పిల్ల కరుచుకుని ఉంది. తర్వాత ఇంకా కొన్ని. తూదా పెన్సిల్‌తో గీతలు గీస్తోంది. ఎనిమిదో గీత గీశాక పెన్సిలు ఎత్తిపట్టుకుని కూర్చుంది.

పావుగంటయింది. అరగంటయింది. కొమ్మల మీది మంచు జారి దబ్బున పడినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడి చూసేది.

“మిగిలినవి వెనకాల ఉన్నాయేమో” అన్నాడు మీమూన్.

తూదా లేచింది. మంచులో దిగబడుతూ, చేత్తో బెరళ్ళు పట్టుకుంటూ ఆ చెట్ల కిందికి వెళ్ళింది. మంచు మీద అడుగుజాడలు ఉన్నాయి. అవన్నీ ఒకే దారిన దిగి ఖాళీ జాగావైపు వెళ్ళాయి. మిగతా చెట్ల కింద మంచు పరిచిన దుప్పటిలా ఉంది. చెట్టు చెట్టుకీ తిరిగి చూసింది.

“ఎనిమిది” అంది వెనక్కొచ్చి.

రెండో మంద దగ్గరికి గంటన్నర నడక. కాగితంలో నలభై. మధ్యాహ్నం దాకా కాపు కాశారు. పదమూడు కనిపించాయి. మంచు మీద జాడలు కూడా అంతకు మించి లేవు.

రొట్టె విప్పుకుని కూర్చున్నప్పుడు మీమూన్ ముక్క తుంచి నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాడు.

“మొదటి ఏడాది నిజంగానే లెక్కపెట్టాం వదినా. పదకొండు మందిమీ. నాలుగు వందల పన్నెండు. అల్లా మీద ఒట్టు. రెండో ఏడాది మూడు వందల నలభై వచ్చింది. నేనే తీసుకెళ్ళి సీ జెల్లూల్ బల్ల మీద పెట్టాను. ఆయన మొహం పాలిపోయింది. రబాత్ వాళ్ళు నెలరోజుల్లో వస్తారు, తగ్గాయని తెలిస్తే డబ్బు ఆపేస్తారు, ఆపేస్తే ఉన్నవాటిని కూడా ఎవరు కాపాడతారు అన్నాడు. నాకూ నిజమే అనిపించింది.”

“తర్వాత?”

“తర్వాత ఇంట్లో కూర్చునే రాశాం. పెరగాలి. పెరక్కపోతే మా పని దండగంటారు. మరీ పెరిగితే పని అయిపోయింది ఇంక మీరెందుకంటారు. అందుకని ఏడాదికి పద్దెనిమిది, పంతొమ్మిది.”

మూడేళ్ళుగా ఆమె మెచ్చుకున్న మెట్లు అవే.

“ఎందుకు తగ్గుతున్నాయి మీమూన్? అది తెలుసా మీకు?”

“తెలియకేం! పైన మూడు ఊటలుండేవి. మూడింటికీ గొట్టాలు బిగించి కింద తోటలకి తీసుకుపోయారు. వేసవిలో నీళ్ళ కోసం ఇవి రోడ్డు దాకా దిగుతాయి. అక్కడ కార్ల కింద పడేవి పడతాయి, కుక్కలు కొరికేవి కొరుకుతాయి. పిల్లల్ని సంచుల్లో వేసుకుపోయేవాళ్ళు సరే సరి. ఒక్క ఊట వదిలించినా సగం ఇక్కడే ఉంటాయి.”

“సంఘంలో చెప్పలేదా?”

“రెండుసార్లు చెప్పాం. తోటలవాళ్ళతో గొడవ, పైగా ఊట బాగుచేశామంటే రబాత్‌కి ఏం ఫొటో పంపిస్తాం అన్నారు. కోతుల్ని కాపాడండని రోడ్డు పక్కన బోర్డులు వేయించారు. పుస్తకాలు అచ్చేయించారు.”

బోర్డులకీ పుస్తకాలకీ లక్షా పదివేలు అయ్యింది. ఆ బిల్లు అడవి ఖర్చు కింద రాసింది తూదాయే. ఎనభై ఏడులో అదీ ఉంది. గొట్టాలు అనగానే ఆమెకు ఇంకొకటి తట్టింది. ఆపిల్ సహకార సంఘం పద్దుల్లో రెండేళ్ళ కిందట తొమ్మిది వందల మీటర్ల గొట్టం బిల్లుంది. ఏ నీళ్ళకని ఆమె అడగలేదు. బిల్లు సరిగా ఉంది, ముద్ర కొట్టింది. అడవిని ఎండబెట్టిన ఖర్చూ, అడవిని కాపాడుతున్న ఖర్చూ ఆమె గదిలో ఒకే బీరువాలో పక్కపక్క అరల్లో ఉన్నాయి.

చీకటి పడేలోగా తిరిగి వచ్చారు. ఊరి మొదట్లో బండి ఆపి మీమూన్ అడిగాడు. “రాస్తావా వదినా?”

“తెలీదు” అంది. అది నిజం. అప్పటికి ఆమెకు నిజంగానే తెలీదు.

ఆదివారం మధ్యాహ్నానికి ఊరంతా తెలిసిపోయింది. ఫద్మా, ఆమె వెంట కాపలావాళ్ళ పెళ్ళాలు ముగ్గురు తూదా ఇంటికి వచ్చారు. వాకిట్లోనే నిలబడ్డారు, లోపలికి రమ్మన్నా రాలేదు.

“అక్కా, పదకొండు ఇళ్ళలో పొయ్యి ఆరిపోతుంది. నీకేమిటి లాభం?” అంది ఫద్మా.

“లాభం కోసం కాదే.”

“మరి దేనికోసం? వాళ్ళు దొంగతనం చేశారా? నీ మరిది ఇంట్లో ఒక్క కొత్త దుప్పటి ఉంటే చూపించు. నీకు మొగుడూ లేడు, పిల్లలూ లేరు. జీతం ఆగిపోతే ఏంటో నీకేం తెలుస్తుంది?”

ఆ మాటకి వెంట వచ్చినవాళ్ళే తల దించుకున్నారు. తూదా తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. “నాన్న పోయినప్పుడు పన్నెండు రోజుల కూలీ తక్కువ రాసిన కాగితం నీకు గుర్తులేదు ఫద్మా, నువ్వు చంటిదానివి. రాసినవాడు దొంగేం కాదు. చూసుకోలేదు, అంతే. చూసుకోకపోతే ఏమవుతుందో నాకు తెలుసు” అంది.

ఫద్మా వెనుదిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

సోమవారమంతా తూదా గది తలుపు మూసే ఉంది. టైపు చేస్తున్న చప్పుడు ఆగి ఆగి వినబడేది. ఒకసారి దిగి వచ్చి, నా కొట్టు ముందు నిలబడి, ఏమీ అడక్కుండా మళ్ళీ ఎక్కిపోయింది. తలనొప్పికి గుడ్డ కట్టుకుంది. వయసు పైబడినట్టు కనిపించింది నాకు. ఆ రోజే ఆపిల్ సహకార సంఘం అధ్యక్షుడికి ఫోను చేసి, “మీ పద్దుల్లోది బయట పెట్టడం నా ధర్మం కాదు, పెట్టను. కానీ ఆ ఊటల మాట కాపలావాళ్ళే చెబుతున్నారు. రబాత్ వాళ్ళు అడక్కముందే మీరే ఒకదాన్ని వదిలితే మంచిది” అని చెప్పిందట. ఆయన ఫోను పెట్టేసి, గంటలో మనిషిని పంపించి పద్దు పుస్తకాలు తీసుకుపోయాడు.

మంగళవారం పదకొండున్నరకి ఆమె తొమ్మిది కాగితాలు తీసుకుని వచ్చింది. మా వీధిలో స్కానరు నా దగ్గరే ఉంది. “బాహా, ఇవి రబాత్‌కి పంపించాలి” అంది. చివరి పేజీ ఆమె చదవమనకపోయినా నా కళ్ళు చదివేశాయి.

జమాఖర్చుల్లో ఒక్క దిర్హాం తేడా లేదు, ఎవరూ ఏమీ తినలేదు అని రాసింది. ఆ కింద ఇలా ఉంది: “మూడేళ్ళుగా పంపిన కోతుల లెక్క అడవిలో తీసింది కాదు. కాగితం మీద డెబ్బై ఒకటి ఉన్న రెండు మందల్లో నేను చూసినవి ఇరవై ఒకటి. అందువల్ల ఒక్కో కోతికి ఎంత ఖర్చయిందో చెప్పలేను. అడవి ఖర్చు అని నేను రాసిన దానిలో ఎంత అడవికి పనికొచ్చిందో కూడా చెప్పలేను. వెనకటి రెండు తప్పుడు లెక్కల కింద నా ముద్ర ఉంది. చూడకుండా వేశాను. ఆ రెండు ముద్రలూ వెనక్కి తీసుకుంటున్నాను. కాపలావాళ్ళకు అడవి తెలుసు. డబ్బు ఆపేముందు వాళ్ళను అడగండి.”

ఏడో కాగితం మిషను మీద ఉండగా సీ జెల్లూల్ లోపలికి వచ్చాడు. చలిలో టోపీ లేకుండా పరిగెత్తుకొచ్చినట్టున్నాడు. నన్ను చూసి, “బాహా, ఆపు” అన్నాడు. బడిలో అన్నట్టే అన్నాడు. నా చెయ్యి ఆగిపోయింది.

“లల్లా తూదా, ఒక్క మాట. ఒకే ఒక్క మాట చేర్చు. ‘సుమారు’ అని రాయి. సుమారుగా నాలుగు వందల అరవై ఎనిమిది. అది అబద్ధం కాదు. ఈ గండం గట్టెక్కితే వచ్చే జనవరిలో నేనే అడవికెళ్ళి లెక్కపెట్టిస్తాను.”

“డెబ్బై ఒకటికీ ఇరవై ఒకటికీ మధ్య సుమారు పట్టదు సీ జెల్లూల్.”

“నేనేమైనా తిన్నానా? చెప్పు, ఒక్క దిర్హాం తిన్నానా?”

“లేదు. తినుంటే నాకు ఇంత కష్టం ఉండేది కాదు. పట్టుకుని రాసేసి హాయిగా పడుకునేదాన్ని.”

ఆయన నావైపు తిరిగాడు. “నీకు చదువు చెప్పినవాణ్ణి బాహా. ఆ మిషను కట్టెయ్.”

గోడ మీద గడియారం పన్నెండుకి ఎనిమిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. తూదా నన్నేమీ అడగలేదు. చేతులు కట్టుకుని కిటికీలోంచి వీధిలోకి చూస్తోంది. ఆమె అడిగుంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను, నెపం ఆమె మీదికి పోయేది. ఎనిమిదో కాగితం పెట్టాను. తొమ్మిదోది పెట్టాను. పంపించే బటన్ నొక్కింది నేనే.

సీ జెల్లూల్ బెంచీ మీద కూలబడ్డాడు. కాసేపటికి తూదా వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. నేను ఎదురుగా ఉన్న హోటల్ నుంచి రెండు గ్లాసుల టీ తెప్పించాను. ఆయన తాగాడు. తూదా గ్లాసు పట్టుకునే కూర్చుంది.

తర్వాత జరిగింది సులువుగా ఏమీ జరగలేదు. రబాత్ వాళ్ళు డబ్బు ఆపేశారు. నాలుగు నెలలు కాపలావాళ్ళకు జీతాల్లేవు. ఇద్దరు మెక్నెస్‌లో కట్టడం పనులకి వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. సీ జెల్లూల్ రాజీనామా చేశాడు. మొదటి నెల తన పింఛనులోంచి ఒక్కొక్క ఇంటికీ పిండి బస్తా పంపించాడు, తూదా మాట ఎత్తితే మాత్రం లేచి వెళ్ళిపోయేవాడు. ఆమెకూ దెబ్బలు తగిలాయి. ఆపిల్ వాళ్ళతో పాటు ఇంకో ముగ్గురు పద్దులు తీసుకుపోయారు. సంతలో కొందరు ఆమెను చూసి కోతిలా గోక్కునేవారు. ఆమె కూరగాయలు ఏరుకుని, డబ్బిచ్చి, చిల్లర సరిచూసుకుని వచ్చేసేది. ఫద్మా అక్క గడప తొక్కలేదు. రంజాన్‌లో అక్కాచెల్లెళ్ళిద్దరూ ఉపవాసం విప్పే వేళ ఎవరి ఇంట్లో వాళ్ళే హరీరా సూపు తాగారు.

జూన్‌లో రబాత్ నుంచి ఇద్దరు వచ్చారు. వాళ్ళతో యూనివర్సిటీ పిల్లలు ఆరుగురు. మీమూన్ వాళ్ళు దారి చూపించగా పన్నెండు రోజులు అడవంతా తిరిగి లెక్కపెట్టారు. నూట తొంభై మూడు. ఆ సాయంత్రం వచ్చినవాళ్ళలో మదాం సల్వా అనే ఆవిడ కాపలావాళ్ళందరినీ కూర్చోబెట్టి, మీ దగ్గర డబ్బుంటే మొదట ఏం చేస్తారని అడిగింది. అంతవరకూ వాళ్ళను అలా అడిగినవాళ్ళు లేరు. మీమూన్ ఊటల సంగతి చెప్పాడు. గొట్టం విప్పి, రాళ్ళు పేర్చి, చిన్న తొట్టి కట్టడానికి ఎంతవుతుందో లెక్క వేస్తే ఒక్కో ఊటకి ఆరు వేల దిర్హాములు దాటలేదు. ఒక బోర్డు ఖరీదు అంతకంటే ఎక్కువ.

పద్దెనిమిది లక్షలు రాలేదు. ఒక్క ఏడాదికి మూడు లక్షలు ఇచ్చారు. ఏడుగురు కాపలావాళ్ళు మిగిలారు. లెక్క తీసేటప్పుడు బయటివాళ్ళు ఇద్దరు పక్కన ఉండాలన్నారు. తోటలవాళ్ళు చాలా గింజుకుని చివరికి ఒక ఊట వదిలారు. రెండోదాని మీద తగవు ఇంకా నడుస్తోంది. తూదాను సంఘం పద్దుల నుంచి తీసేశారు. చూడకుండా ముద్ర వేసిన మనిషితో మళ్ళీ వేయించడం కుదరదని మదాం సల్వా మర్యాదగానే చెప్పింది.

“అది న్యాయమే” అంది తూదా నాతో. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, “న్యాయమే గానీ బాధగా ఉంది బాహా” అంది. పదకొండేళ్ళలో ఆమె బాధ అనే మాట అనడం నేను అదొక్కసారే విన్నాను.

ఆ తర్వాత ఆమె ఒక కొత్త అలవాటు పెట్టుకుంది. రొట్టెల బట్టీ పద్దు చూసేముందు పొద్దున్నే బట్టీకి వెళ్ళి బస్తాలు లెక్కపెట్టేది. తివాచీల సంఘం పద్దుకైతే మగ్గాల దగ్గర కూర్చునేది. “ఈవిడకి చాదస్తం పట్టింది” అని బట్టీ యజమాని గొణిగేవాడు. గొణిగినా పద్దు ఆమె దగ్గరే ఉంచాడు. తివాచీల సంఘంవాళ్ళు ఆమె జీతం కాస్త పెంచారు కూడా.

మరుసటి జూన్‌లో మళ్ళీ లెక్క తీశారు. ఆ రోజు తూదా నా కొట్టులోనే ఉంది. ఫోను మోగింది. మీమూన్. అవతలి మాట నాకూ వినబడింది, ఆయనకు గట్టిగా అరవడం అలవాటు.

“నూట ఎనభై ఎనిమిది వదినా. ఐదు తగ్గాయి.”

తూదా బల్ల అంచు పట్టుకుంది. “రాశావా?”

“రాశాను. కాగితం అంతా బురదైంది. అలాగే ఇచ్చేశాను. ఊట వదిలిన చోట మాత్రం రెండు పిల్లలు ఎక్కువున్నాయి.”

“అదీ రాశావా?”

“అదీ రాశాను.” తర్వాత, “ఫద్మా శుక్రవారం భోజనానికి రమ్మంటోంది. తనే ఫోను చేస్తానంది గానీ చెయ్యలేకపోయింది” అన్నాడు.

తూదా ముక్కు తుడుచుకుని, “వస్తానని చెప్పు” అని ఫోను పెట్టేసింది. బట్టీవాళ్ళ కాపీలు ఎన్ని అయ్యాయో అడిగి, డబ్బులిచ్చి, మోకాలు పట్టుకుని మెల్లగా మెట్లెక్కి వెళ్ళిపోయింది.